మిగిలిన సున్నం

విమలకుమారికి ముక్కుమీద కోపం అని నర్సాపురంలో చిన్నప్పటినుంచీ పేరుంది. కానీ ఒళ్ళంతా మంటెత్తే అసలైన కోపం ఆవిడకు అమెరికా వచ్చాకే తెలిసింది. అది కూడా గడ్డి కోసే బండి మీద.

భర్త జోసఫ్ పోయి ఏడాది నిండలేదు. ఎనభై ఒకటో సంవత్సరం ఈస్టర్‌కి ముందు శనివారం పొద్దున్నే ఆవిడ మెమోరియల్ పార్క్‌కి వెళ్ళింది. సమాధుల తోటకి వాళ్ళు పెట్టుకున్న పేరది. అక్కడ ఒక్క సమాధీ నేలమీదికి లేచి ఉండదు. తలాపున పుస్తకమంత కంచు పలక, దానిమీద పేరూ తేదీలూ, అంతే. ఎందుకయ్యా అంటే గడ్డి కోయడానికి అడ్డం లేకుండానట. ఆవిడ చూస్తుండగానే ఒక కుర్రాడు బండెక్కి, చెవులకు ఏదో తగిలించుకుని, పాట వింటున్నాడు కాబోలు తల ఊపుకుంటూ, జోసఫ్ గుండెల మీదుగా బండి పోనిచ్చాడు. పోనిచ్చి, ఆవిడకు గుడ్‌మార్నింగ్ కూడా చెప్పాడు.

ఆవిడ ఉత్త చేతులతో రాలేదు. వెనక సత్యానందం గారు సున్నం బకెట్ మోసుకొస్తున్నారు. సత్యానందం గారు తెలుగు సంఘానికి కార్యదర్శి. ఆదివారం మధ్యాహ్నాలు అమెరికన్ల చర్చి హాలు అద్దెకు తీసుకుని పాతిక కుటుంబాలు ఆరాధన జరుపుకునే చిన్న సంఘం అది. మనిషి బంగారం. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు వాలేది ఆయన కారే. నోరొక్కటే కాస్త వదులు. జోసఫ్ శవపెట్టెకి భుజం పట్టిన దగ్గర్నుంచీ విమలను చెల్లెమ్మా అని పిలుస్తున్నారు.

నర్సాపురంలో ఈస్టర్‌కి ముందురోజు ప్రతి క్రైస్తవ కుటుంబం సమాధుల తోటలోనే ఉంటుంది. గడ్డి పీకి, పగుళ్ళు పూడ్చి, వెల్ల వేస్తారు. గుల్ల సున్నం ముందురోజే నానేసి, కాస్త నీలిమందు కలిపితే ఆ తెలుపు చీకట్లో కూడా కనిపిస్తుంది. తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. తమ వాళ్ళ సమాధులకు వేయగా బకెట్లో మిగిలిన సున్నం మాత్రం ఎవరూ ఇంటికి తీసుకుపోరు. అది దిక్కులేని సమాధులకి. గోదావరిలో కొట్టుకొచ్చిన పేరు తెలియని మనిషి, కలరా ఏట పోయిన పరదేశి కూలీ, తన వాళ్ళంతా ఓడెక్కి వెళ్ళిపోగా ఇక్కడే మిగిలిపోయిన దొరసాని బిడ్డ. విమల వాళ్ళ నాన్నకు ఆ విషయంలో మహా పట్టుదల. మన తాత సమాధి కాస్త మాసినా ఫరవాలేదు, వాళ్ళవి మాత్రం మల్లెపువ్వులా ఉండాలనేవాడు.

ఇదంతా మెమోరియల్ పార్క్ ఆఫీసు మనిషికి ఏం తెలుసు? పరుగెత్తుకొచ్చి చేతులడ్డం పెట్టాడు. సున్నం వేయకూడదు. కొవ్వొత్తి వెలిగించకూడదు. పూలు పెట్టుకోవచ్చు గానీ గురువారం తీసి పారేస్తారు. ఇది మా ఆచారమని సత్యానందం గారు తెలిసిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పారు. ఆ మనిషి సానుభూతిగా తల ఊపి, మళ్ళీ అదే మాట చెప్పాడు. చివరికి బకెట్ వచ్చిన దారినే కారు డిక్కీలోకి వెళ్ళింది. ఇంటికొచ్చాక విమల ఆ సున్నాన్ని సింకులో పారబోసి, ఆ మధ్యాహ్నమంతా ఏడ్చింది. వాళ్ళకు పిల్లలు లేరు. తానుండగానే ఇలా ఉంటే, తాను పోయాక జోసఫ్ తలదగ్గరికి వచ్చేదెవరని ఆవిడ బాధ.

బాధ మనిషిని కుదిపేస్తే రక్తపోటు ఊరుకుంటుందా? ఆవిడ పనిచేసే ఆస్పత్రిలోనే డాక్టరు చూసి, రోజూ నడవమన్నాడు. వార్డుల్లో ఎనిమిది గంటలు నడిచే నర్సుకు మళ్ళీ నడకేమిటని ఆవిడ చిరాకుపడింది. అయినా వారానికోసారి, శనివారాలు, ఊరికి పడమర సముద్రం ఒడ్డునున్న కొండలెక్కడం మొదలుపెట్టింది. చీర మీద స్వెట్టరు, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, చేతిలో జోసఫ్ గొడుగు.

మొదట విసుక్కుంటూ ఎక్కింది. తర్వాత శనివారం ఎప్పుడొస్తుందా అని చూసేది. కిందనుంచి మంచు లేచి కొండను సగానికి మింగేస్తుంది. సగం పైకెక్కితే ఎండ. కాలిబాటకు అటూ ఇటూ నారింజరంగు పూలు, నలిపితే కర్పూరంలా ఘాటుగా ఉండే బూడిదరంగు పొదలు, గాలికి ఒకే పక్కకు వంగిపోయిన ఓక్ చెట్లు. శీతాకాలంలో తిమింగలాలు నీళ్ళు చిమ్ముకుంటూ దక్షిణానికి పోతాయి. ఆవిడ అక్కడ జోసఫ్‌తో గట్టిగానే మాట్లాడుకునేది. వినేవాళ్ళెవరూ ఉండేవారు కాదు.

కొండ భుజం మీద, పడమటి గాలి తగలని పల్లంలో, బాట పక్కన మన్ను నల్లగా ఉంటుంది. ఆ మన్నులో నిండా గుల్లలు. మసిబారినవీ, విరిగినవీ, వేలకు వేలు. సున్నపు బట్టీల దగ్గర పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆవిడ చూడగానే పోల్చుకుంది. ఇవి అలలు తెచ్చి పడేసినవి కావు. ఎవరో తెచ్చుకుని, కాల్చుకుని, తిన్నవి. ఆ పక్కనే రాళ్ళు చిన్న చిన్న కుప్పలుగా పేర్చి ఉన్నాయి. నాచుపట్టి, సగం భూమిలోకి దిగి, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి. వాటినీ పోల్చుకుంది. పోల్చుకున్నాక కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

ఆ బాటలన్నిటినీ చూసుకునేది ఒక ట్రెయిల్ క్లబ్. దాని ప్రెసిడెంట్ బ్రాడ్లీ, రిటైరైన పెద్దమనిషి, ప్రతి పిట్టనూ పేరుపెట్టి పిలవగలడు. ఒక శనివారం ఎదురుపడితే ఆవిడ అడిగింది. అవునండీ, అవి సమాధులే అన్నాడాయన, ఊళ్ళో పోస్టాఫీసు ఎక్కడో చెప్పినంత తేలిగ్గా. తెల్లవాళ్ళు రాకముందు ఈ తీరంలో బతికిన రెడ్ ఇండియన్లవట. వెయ్యేళ్ళ నాటివట. వచ్చే ఏడాది ఈ బాటను వంకర తీసి ఈ పల్లంలోంచే నేరుగా పైకి వేస్తారట, ఇక్కడొక బల్ల కూడా వేస్తారట, కూర్చుని సముద్రం చూడ్డానికి.

సమాధుల మీద బల్లేమిటని ఆవిడ అడిగింది. వాళ్ళ మనుషులేమంటారు?

"వాళ్ళ మనుషులంటూ ఎవరూ మిగల్లేదు మేడమ్," అన్నాడు బ్రాడ్లీ. "నేను పదిహేనేళ్ళుగా ఈ కొండెక్కుతున్నాను. వీళ్ళ కోసం వచ్చినవాళ్ళని ఒక్కరినీ చూడలేదు."

ఆ మాట ముల్లులా దిగింది. ఆ తర్వాత ఆవిడకు శనివారాల ప్రశాంతత పోయింది. బల్ల ఇంకా రాకుండానే జనం ఆ రాళ్ళనే బల్లలు చేసుకున్నారు. బూట్లు విప్పి ఆరబెట్టుకునేవాళ్ళు, సాండ్‌విచ్‌లు తినేవాళ్ళు, కుక్కను కట్టేసుకునేవాళ్ళు. ఒక జంటను ఆవిడ లేవమంది. ఇది సమాధి అంది. ఓహో, ఎంత ఆసక్తికరం అని వాళ్ళు కాస్త పక్కకు జరిగి ఇంకో సమాధి మీద కూర్చున్నారు. ఆవిడ పళ్ళు కొరుక్కుంటూ కొండ దిగింది. ఎవరూ లేనంత మాత్రాన వెయ్యేళ్ళనుంచి పడుకున్నవాళ్ళ మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటారా? రేపు జోసఫ్ గతీ ఇంతే కదా?

ఎనభై రెండు ఈస్టర్ దగ్గరపడుతుండగా తోటసామాన్ల షాపులో సున్నం బస్తా కొనింది. సత్యానందం గారికి ఫోన్ చేసి, బకెట్ తీసుకుని రమ్మంది. ఆయన వచ్చారు గానీ, కొండ కింద కారు పార్క్ చేశాక కాస్త నసిగారు.

"చెల్లెమ్మా, కౌంటీ ఆఫీసు వాళ్ళని పర్మిషన్ అడగాలేమోనమ్మా. ఒక కాల్ చేద్దామా?"

"అక్కడ కూర్చుని లంచ్ చేసేవాళ్ళు పర్మిషన్ అడిగారా అన్నయ్యగారూ? సమాధి బాగుచేయడానికి ఎవరిని అడగాలి? మెమోరియల్ పార్క్ వాడిలా వీళ్ళూ వద్దంటారు. నేను అడగను."

ఆయన బకెట్ ఎత్తుకున్నారు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా పనిచేశారు. గడ్డి పీకారు. నాచు గీకారు. పడిపోయిన రాళ్ళను మళ్ళీ పేర్చారు. రెండు పూతలు వెల్ల వేశారు. ఆఖరున ఒక్కో కుప్ప దగ్గర నాలుగేసి పసుపుపూలు పెట్టి, సత్యానందం గారు ప్రార్థన చేశారు. పేరు పేరునా చెప్పుకోవడానికి పేర్లు తెలియవు కాబట్టి, నీకు తెలుసు కదా ప్రభువా అని ముగించారు. కొండ దిగి రోడ్డుమీదికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, పచ్చటి కొండ భుజాన తెల్లగా మెరుస్తూ కనిపించాయి. నాన్న చూస్తే మెచ్చుకునేవాడనుకుంది విమల. జోసఫ్ పోయాక ఆ రాత్రే ఆవిడ ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

ఆ మందు పనిచేసింది కూడా. తర్వాతి రెండు శనివారాలూ ఆ రాళ్ళమీద ఎవరూ కూర్చోలేదు. జనం ఆగి, చూసి, టోపీ తీసి, కొంచెం దూరంగా నడిచి వెళ్ళారు. ఆవిడకు గెలిచినట్టుంది. సంఘంలో సత్యానందం గారు ఆ సంగతి వర్ణించి వర్ణించి చెబుతుంటే, చాల్లెండి అన్నయ్యగారూ అంటూనే వింది.

మూడో శనివారం ఆవిడ పల్లం దగ్గరికొచ్చింది. తెల్లటి రాళ్ళు చెల్లాచెదురుగా పడున్నాయి. ప్రతి కుప్ప ఉన్నచోటా నడుంలోతు గొయ్యి. నల్లమన్ను జల్లెడ పట్టి కుప్పలు పోశారు. బీరు డబ్బాలు, చేతితొడుగు ఒకటి, తెగిన తాడు. మన్ను కుప్పల్లోంచి తెల్లగా పైకి తేలినవి రాళ్ళు కావని నర్సుకు ఒకరు చెప్పక్కర్లేదు. పనికొచ్చే పూసలూ, రాతి గిన్నెలూ పట్టుకుపోయి, అమ్ముకోవడానికి పనికిరాని మనుషుల్ని అక్కడ పారేశారు. ఒకచోట చిన్న దవడ ఉంది. పాలపళ్ళు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆవిడ స్వెట్టరు విప్పి దానిమీద కప్పింది. ఎవడు దొరికితే వాణ్ణి గొంతు పిసికేయాలన్నంత కోపం వచ్చింది.

అక్కడ ఇంకొకావిడ ఉంది. గోతి అంచున నిలబడి ఉంది. తనకంటే కాస్త పెద్దది. బలమైన మనిషి, నెరిసిన జడ, స్కూలు బస్సు నడిపేవాళ్ళు వేసుకునే నీలం కోటు. దానిమీద డోలొరెస్ అని పేరు కుట్టి ఉంది. ఆమె విమలవైపు చూడకుండానే ఇంగ్లీషులో అడిగింది.

"ఈ తెల్లరంగు ఎవరు వేశారో నీకు తెలుసా?"

విమల అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదు. నేనే అంది. ఎందుకు వేసిందో కూడా చెప్పింది. తమ ఊళ్ళో సమాధుల ఆచారం, దిక్కులేని వాళ్ళకు మిగిలిన సున్నం, రాళ్ళమీద కూర్చునే జనం, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. డోలొరెస్ అంతా వింది. అప్పుడు తిరిగి చూసింది.

"దిక్కులేని వాళ్ళా? మా అమ్మమ్మ నన్ను ఏడేళ్ళప్పుడు తీసుకొచ్చింది ఇక్కడికి. ఆగకు, నడుస్తూనే చూడు, వేలు చూపించకు అని నేర్పింది. ఆమెకు వాళ్ళమ్మ అలాగే నేర్పింది. మేం ప్రతి ఏడూ వస్తూనే ఉన్నాం. ఎవరికీ తెలియకుండా వచ్చి, ఎవరికీ తెలియకుండా పోయాం. ఈ కొండల్లో మా వాళ్ళవి తవ్వని చోటంటూ ఇదొక్కటే మిగిలింది, ఎందుకంటే మేం దీన్ని దాచిపెట్టుకున్నాం. నువ్వొచ్చి దొంగలకు హైవే మీదనుంచి కనిపించేలా గుర్తులు పెట్టావు."

విమలకు తల తీసేసినట్టయింది. ప్రేమతో చేశానండీ అనబోయింది.

"ఎవరినైనా అడిగావా?" అంది డోలొరెస్.

బ్రాడ్లీ ఎవరూ లేరన్నాడు అని చెప్పడానికి విమల నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఎవరూ లేరని వాడు చెప్పాడు. లేరేమోనని తాను వెతకలేదు. ఎవరూ లేనివాళ్ళయితేనే తన సున్నానికి పని ఉంటుంది. ఆ సంగతి అప్పుడు తెలిసింది ఆవిడకు. తెలిసి, తనమీద తనకే పుట్టిన కోపంతో ఒళ్ళంతా భగ్గుమంది.

డోలొరెస్ గోతిలోకి దిగింది. పైకి తేలినవన్నీ మళ్ళీ మన్నుతో కప్పడం మొదలుపెట్టింది. విమల సాయం చేయబోతే, ముట్టుకోకు అంది. ఆవిడ ముట్టుకోలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. డోలొరెస్ చేయి ఆగేదాకా బాట మీద నిలబడి, వచ్చేపోయేవాళ్ళని పక్కనుంచి పంపించేసింది.

నెల తిరక్కుండా కౌంటీ హాలులో ట్రెయిల్ సంగతి మీద మీటింగ్ పెట్టారు. బ్రాడ్లీ చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు. జరిగినదానికి ఎంతో చింతిస్తున్నానన్నాడు. ఒక విదేశీ మహిళ తెలియక చేసిన పని వల్ల ఇంత అనర్థం జరిగిందని, అయినా ఆవిడ మనసు మంచిదని చెప్పాడు. ఇక ఆ చోటు పూర్తిగా పాడైపోయింది కాబట్టి, దాన్ని తప్పించి బాటను చుట్టూ తిప్పడంలో అర్థం లేదన్నాడు. నేరుగా వేస్తే ఖర్చూ తగ్గుతుంది, ముసలివాళ్ళకు ఎక్కడమూ సులువు. బల్ల పక్కన చరిత్ర తెలిపే బోర్డు కూడా పెడదామన్నాడు. కూర్చున్న పెద్దలంతా తలలూపారు. వెనక వరసలో డోలొరెస్ చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె అప్పటికే మాట్లాడింది. ఆమెకు థాంక్యూ చెప్పి కూర్చోబెట్టారు.

విమల లేచింది. జీవితంలో మైకు ముందు నిలబడటం అదే మొదలు.

"రాళ్ళకు సున్నం వేసింది నేను. నన్ను తిట్టండి, ఫైన్ వేయండి. నాకు ఎవరూ లేరని చెప్పింది ఈయన. వాళ్ళ మనిషి ఇదిగో ఈ గదిలోనే కూర్చుని ఉంది, ఇప్పటికీ ఈయన ఆమె వైపు చూడటం లేదు. నా తప్పును మీ బాటకు పునాది చేసుకోకండి."

మీటింగ్ నడిపే కౌంటీ అధ్యక్షుడు ఆవిడక్కూడా థాంక్యూ చెప్పాడు. చివరికి తేలిందేమిటంటే, బాట నేరుగానే వేస్తారు. పని మొదలయ్యే సోమవారానికి ముందు శనివారం పొద్దున డోలొరెస్ వాళ్ళు వచ్చి, మిగిలినవి తీసుకుపోయి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆ పొద్దున బాట మూస్తారా అని డోలొరెస్ అడిగింది. వసంతకాలపు శనివారం కదా, జనం ఎంతెంత దూరాలనుంచో వస్తారు, మూయడం కుదరదన్నారు. చేతులు దులుపుకున్నారు.

మెట్ల దగ్గర విమల డోలొరెస్‌ను ఆపింది. వాళ్ళను ఎక్కడికి తీసుకెళతారని అడిగింది. దూరమైనా ఫరవాలేదు, ఒక్కసారి వచ్చి క్షమించమని అడుగుతానంది.

"ఈ భూమ్మీద ఎవరికి చెప్పినా నీకు చెప్పను," అంది డోలొరెస్. కోపంగా కాదు, అలసటగా. కొంచెం ఆగి మళ్ళీ అంది. "నీకంత చేయాలనుంటే ఆ రోజు కింద గేటు దగ్గర నిలబడు. ఎవరినీ పైకి రానీయకు. నువ్వు కూడా రాకు."

సత్యానందం గారికి ఈ సంగతి తెలియగానే ఆవేశం వచ్చేసింది. సంఘమంతా కదిలి వెళదామన్నారు. పాటల పుస్తకాలు, పూలదండ, తెల్లబట్టలు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. విమల కసిరేసింది. పూలూ వద్దు, పాటలూ వద్దు, ప్రార్థన కావాలంటే ఇంట్లో తలుపేసుకుని చేసుకోమంది. కారులో దింపడానికి మాత్రం ఒప్పుకుంది.

కొండ కింద, పశువులు బయటికి రాకుండా కట్టిన కంచెకు ఒక మనిషి పట్టేంత సందుంది. గేటంటే అదే, బాట అక్కడే మొదలవుతుంది. విమల ఆ శనివారం చీకటి విడకముందే ఆ సందులో మడతకుర్చీ వేసుకుని, కొండకు వీపు పెట్టి కూర్చుంది. వెనక ఎక్కడో బండ్లు ఆగిన చప్పుడు, మనుషుల అడుగులు, తర్వాత ఏమీ లేదు. తలతిప్పి చూడలేదు. ఎండెక్కేకొద్దీ జనం రాసాగారు. పైన ఒక కుటుంబానికి అంత్యక్రియలు జరుగుతున్నాయి, ఈ పూటకు వెళ్ళొద్దని ఆవిడ చెప్పింది. చాలామంది అర్థం చేసుకుని వెనక్కి తిరిగారు. కొందరు గొణిగారు. ఒకడు కంచె దూకబోతే, నర్సు గొంతుతో ఒక్క అరుపు అరిచింది. వాడు దిగిపోయాడు.

తొమ్మిది దాటాక బ్రాడ్లీ వచ్చాడు. క్లబ్ మనుషులు నలుగురు, మెళ్ళో కెమెరాలు. పైన జరిగేది చరిత్రలో నిలిచిపోయే సంఘటనని, దాన్ని గౌరవంగా ఫోటోలు తీసి భద్రపరచాలని చెప్పాడు. ఆవిడ కదల్లేదు. ఇది పబ్లిక్ ట్రెయిల్ మేడమ్ అన్నాడు. ఆవిడ కదల్లేదు. ఆ పెద్దమనిషి ముఖాన అన్నాళ్ళూ చెరగని చిరునవ్వు అప్పుడు చెరిగింది.

"అసలు మీరు వాళ్ళకేమవుతారు?"

"ఏమీ కాను. అందుకే కింద కూర్చున్నాను. మీరూ ఏమీ కారు. మీరూ కిందే ఉండండి."

పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలుచుకోమంది. వాళ్ళొచ్చి కుర్చీతో సహా ఎత్తుకుపోవాలి తప్ప తాను లేవనంది. రక్తపోటుకు చెవుల్లో హోరు వినిపిస్తోంది. ఎవరిమీదో తెలియకుండా ఇన్నాళ్ళూ మండిన కోపమంతా ఆ కుర్చీలో బరువుగా కూర్చుంది. బ్రాడ్లీ ఆవిడనూ, కంచెనూ, తన వాళ్ళనూ చూశాడు. ఫోన్ కోసం కారెక్కి ఊళ్ళోకి వెళ్ళాడు. అతని వెంట వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, వాళ్ళూ వెళ్ళిపోయారు.

వాళ్ళ కార్లు మలుపు తిరిగిన కాసేపటికి కొండ వెనక మట్టిరోడ్డు మీదనుంచి పాత పికప్ ట్రక్కొకటి మెల్లగా దిగింది. వెనక తొట్టిలో పెట్టెలున్నట్టున్నాయి, మీద దుప్పట్లు కప్పారు. దుప్పట్ల మీద ఇద్దరు ముసలివాళ్ళు చేతులు ఆన్చి కూర్చున్నారు. నడిపేది డోలొరెస్. గేటు ముందునుంచి పోతూ ఆమె బండి ఆపలేదు. పలకరించలేదు. హైవే దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది, అటా ఇటా తిరగడానికి. విమల కళ్ళు మూసుకుని, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

చేతులు తీసేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. కారు దగ్గర నిలబడ్డ సత్యానందం గారు అటే చూస్తున్నారు. దగ్గరికొచ్చారు. కళ్ళు తుడుచుకున్నారు.

"వెళ్ళిపోయారమ్మా. అదిగో, ఆ..."

"చెప్పకండి," అంది విమల.

"అది కాదు చెల్లెమ్మా, నీకొక్కదానికైనా తెలిస్తే..."

"నాకు వద్దు. నాకు తెలిస్తే మళ్ళీ పూలు పట్టుకుని పోతాను. మీరు చూసింది మీ ఇంట్లో కూడా చెప్పకండి. బ్రాడ్లీ అడుగుతాడు, పోలీసులు అడుగుతారు, సంఘంలో అందరూ అడుగుతారు. చూడలేదని చెప్పండి."

సత్యానందం గారు తెల్లబోయారు. నలభై ఏళ్ళుగా సండే స్కూల్లో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పిన మనిషి ఆయన.

"అబద్ధం ఆడమంటావా విమలమ్మా?"

"ఆడండి," అంది. "బతికున్నన్నాళ్ళూ ఆడండి. ఆ పాపం నా మీద వెయ్యండి."

దూరంగా మలుపులో బ్రాడ్లీ కారు, దాని వెనక పోలీసు కారు కనిపించాయి. విమల కుర్చీని సందులోకి ఇంకాస్త జరుపుకుని, కొండకు వీపు పెట్టి, సర్దుకుని కూర్చుంది.